డైరెక్టరు గారి నడుము, నీడ గారి కసరత్తు

ఆయనకు అసలు పేరంటూ ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా డైరెక్టరు గారి వెనకాల రెండడుగుల దూరంలో నడుస్తున్నారు కాబట్టి ఆఫీసంతా నీడ గారనే అంటుంది. డైరెక్టరు గారి ఉత్తరాలు ఆయనే రాస్తారు. డైరెక్టరు గారి పెళ్లిరోజు ఆయనే గుర్తుపెట్టుకుంటారు. డైరెక్టరు గారి బంధువులెవరైనా పోతే ఆయనే వెళ్లి కళ్లు తుడుచుకుని వస్తారు. గోల్ఫ్ ఒక్కటే డైరెక్టరు గారు స్వయంగా ఆడతారు. అందుకే నడుము పట్టేసింది.

నేను ఫిజియోథెరపిస్టుని. ఇద్దరూ కలిసే నా గదికొచ్చారు. పరీక్ష చేస్తే డైరెక్టరు గారి తుంటి తిరగదు, వీపు పైభాగం తిరగదు. కర్ర ఊపినప్పుడల్లా ఆ మెలికంతా పాపం నడుము ఒక్కటే మోస్తోంది.

"మందుతో పోయేది కాదండీ. రోజూ అరగంట కసరత్తు చెయ్యాలి. ఆటకి ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవాలి," అన్నాను.

"రాసుకోవయ్యా," అన్నారు డైరెక్టరు గారు నీడ గారితో, తల తిప్పకుండా. తిప్పలేరు కూడా. "రెండు నెలల్లో క్లబ్బు కప్పు. అప్పటికి నా నడుము బాగవలేదనుకో, నిన్ను పాత ఫైళ్ల గదిలో పడేస్తా."

నవ్వుతూనే అన్నారు. నీడ గారి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆయనకు ఉబ్బసం. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది, ఆ గది దుమ్ములో మూడు నెలలు కూడా బతకలేరు.

తర్వాత వారం వారం నీడ గారొక్కరే వచ్చి కసరత్తుల చార్టు చూపించేవారు. ఒక్కరోజూ తప్పకుండా టిక్కులు! ఇంత బుద్ధిమంతుడైన పేషెంటు దొరికాడని నేను మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మొదటిరోజు బల్ల పట్టుకుంటే గానీ కుర్చీలోంచి లేవలేని నీడ గారు, ఏడోవారానికి చటుక్కున లేచి నిటారుగా నిలబడుతున్నారు. అనుమానమొచ్చింది.

"ఈ కసరత్తులు చేస్తున్నదెవరండీ?"

"నేనేనండి. సార్‌కి తీరికెక్కడిది? సార్ తరఫున నేనే చేస్తున్నా. ఒక్కపూట కూడా మానలేదు మేడమ్, ఒట్టు."

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. "ఓరి దేవుడా! మీరు చేస్తే ఆయన నడుము ఎలా బాగవుతుందండీ?"

"ఇన్నేళ్లూ అన్నీ ఇలాగే జరిగాయండి," అన్నారు అమాయకంగా.

వెంటనే డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. "చేస్తున్నాడుగా డాక్టరమ్మా, ఇంకేం కావాలి?" అని పెట్టేశారు.

కప్పు రోజున మైదానం అంచున నీడ గారు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకున్నారట. ఆ పది నిమిషాలూ డైరెక్టరు గారు కాఫీ తాగారు. మొదటి దెబ్బకే నడుము కలుక్కుమంది. బంతి ఉన్నచోటే ఉంది, ఆయన్ని మాత్రం నలుగురు మోసుకొచ్చి నా బల్ల మీద పడుకోబెట్టారు.

ఆయన నీడ గారి వైపు చూసి మూలుగుతూనే, "రేపట్నుంచి నువ్వు ఫైళ్ల గదికి పో," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన తప్పేముందండీ ఇందులో? కసరత్తు ఎవరిది వాళ్లే చేసుకోవాలి!"

"నడుము సంగతి వదిలెయ్యమ్మా. వీడి వాలకం చూడు. ఇన్నేళ్లూ నా ముందు ఒద్దికగా వంగి నిలబడేవాడు. ఇప్పుడేమో కర్ర మింగినట్టు నిలబడుతున్నాడు. ఎంత పొగరు!"

నీడ గారి గొంతులో పిల్లికూతలు నాకు వినబడుతున్నాయి. వంగొద్దనే మాట నోటిదాకా వచ్చింది. ఆ దుమ్ము పీల్చేది నేను కాదుగా, నోరు మూసుకున్నాను.

నీడ గారు చేతులు కట్టుకుని వంగారు. నొప్పి లేదు, పట్టు లేదు, తుంటి దగ్గర్నుంచి హాయిగా, నేను నేర్పినట్టే వంగారు. ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ వంగనంత కిందికి వంగారు. నాకు ఏడుపొచ్చింది.

డైరెక్టరు గారి మొహం విప్పారింది. "అదీ! ఇప్పుడు మనిషిలా ఉన్నావు. సరేలే, ఇక్కడే ఉండు. ఆ కసరత్తులు మాత్రం మానకు."

"అలాగేనండి," అన్నారు నీడ గారు.