నలగని నిమ్మకాయ

కళ్యాణదుర్గం దాటి టీ తాగి బయల్దేరబోతే మా షేర్ కారు కదల్లేదు. కొత్తగా కొన్న ఆటోమేటిక్ బండి. డ్రైవరు ఎంత తొక్కినా ఇంజను అరుపే తప్ప చక్రం తిరగదు.

“గేరుబాక్సు పోయింటే బండి అమ్ముకోవాల్సిందేనమ్మా,” అంటూ దిగి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను.

వెనక సీట్లో నేనెరగని పెద్దాయన నవ్వాడు. “ఏమప్పా, బండి కదిలితే కదా కాయ నలిగేది! మళ్ళా డ్రైవు గేర్లో పెట్టి తొక్కు, చూస్తాం.”

తొక్కాడు. పెద్దాయన ముందుకు వంగి స్పీడు మీటరు చూపించాడు. “బండి ఈడే ఉండాది, ముల్లు ఇరవై చూపిస్తాండాది. గేరుబాక్సు తిరిగితేనే ఈ ముల్లు లేచేది, అంటే అది బాగుండాది. చక్రానికి పోయే షాఫ్టు తెగింటాది, చూడు.”

ఇంజను ఆపి వంగి చూస్తే అదే నిజం. షాఫ్టు తెగి, చక్రం లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది.

“బతికిచ్చినావన్నా! షాఫ్టయితే తక్కువలోనే పోతాది,” అన్నాడు డ్రైవరు.

“నాదేముండాది? ఆయమ్మ దండం పెట్టింది, నేను మీటరు చూసినా.”

పెద్దాయన ఆ నిమ్మకాయనే కడిగి నా నీళ్ళ సీసాలో పిండాడు. అందరం తాగాం. పేరు అడిగేలోపే బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు రోజూ దీపం పెట్టి, కళ్ళు తెరుచుకునే దండం పెట్టుకుంటున్నాను.