అంగుళం అనుమానం

ఆ టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్ అంటే మాటలు కాదు. కుట్టేవాళ్ళు ఆరుగురున్నా, గుడ్డ మీద సుద్దతో గీసేదీ కత్తెర పెట్టేదీ ఆయనొక్కడే. సాయంత్రం గీసిపెట్టి వెళ్ళడం, పొద్దున వచ్చి కత్తిరించడం, పదిహేనేళ్ళుగా అదే వరస. అలాంటి మనిషికి ముప్ఫై తొమ్మిదో ఏట కుడిచెయ్యి ఎదురు తిరిగింది.

ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బొటనవేలు దానంతటదే ఆడుతుంది. నడుస్తుంటే ఆ చెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుపోతుంది. డాక్టరు పార్కిన్సన్స్ అన్నప్పుడు "అది ముసలివాళ్ళ జబ్బు కదండీ, నాకింకా తలైనా నెరవలేదు" అని వాదించాడు. వాదిస్తే పోయేదైతే ఈ కథే లేదు. చిన్న వయసులోనూ కొందరికి వస్తుందని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. వేసుకున్న ముప్పావుగంటకి చెయ్యి చెప్పిన మాట వింటుంది. మూడు గంటలు దాటిందా, మళ్ళీ మొరాయిస్తుంది.

సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెయ్యి వణికేవాడికి కోటు గుడ్డ ఎవరిస్తారు? పని పోతే చేతనైన విద్య ఇంకొకటి లేదు. అందుకని దాచాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమైతే లోపల వెల్క్రో పట్టీ కుట్టుకుని, పైన బొత్తాలు అలంకారానికి ఉంచాడు. మొహంలో నవ్వు కదలడం మానేస్తే, మాస్టర్‌కి పొగరెక్కిందని జనం అనుకున్నారు. అనుకోనీ అనుకున్నాడు. పొగరుందని ఎవరినీ పనిలోంచి తీసెయ్యరు కదా.

దాచుకునేవాడికి ప్రతి చూపూ దొంగచూపే. ఒకరోజు పొద్దున కత్తెర తీసుకుని బల్ల దగ్గరికి వెళితే, తను రాత్రి గీసిన గీత తనది కాదనిపించింది. కిందటి సాయంత్రం చెయ్యి సహకరించక గీత సన్నగా, వంకరగా వచ్చింది. ఇప్పుడది నిండుగా, తిన్నగా ఉంది. కొలతల చీటీ చూశాడు. చీమల్లా కుంచించుకుపోయిన తన అంకెల కింద ఎవరో పెద్ద అక్షరాలతో అవే అంకెలు రాశారు. వారంలో నాలుగుసార్లు ఇదే తంతు.

అనుమానం నేరుగా కాలరమ్మ మీదికి పోయింది. కాలర్లు కుట్టడంలో ఆమెకి సాటి లేదని షాపులో అందరూ పెట్టిన పేరది. ఆయన్ని అన్నా అని పిలుస్తూ ఆయన దగ్గరే పని నేర్చుకుంది. షాపు తాళం ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది. 'నా దగ్గర నేర్చుకుని నా బల్లకే ఎసరు పెడుతోంది' అనుకున్నాడు. ఆమె ఓనరుతో రెండు ముక్కలు మాట్లాడినా తన గురించే అనిపించేది.

పైగా మొన్నామధ్య భార్య అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, కాలరమ్మతో పది నిమిషాలు గుమ్మంలో నిలబడింది. ఇంటికెళ్ళి నిలదీశాడు.

"దానికి చెప్పేశావు కదూ?"

"నేనెందుకు చెప్తాను? మా అమ్మకే చెప్పనివ్వలేదు నువ్వు. నా నోరు కుట్టేసి రెండేళ్ళయింది" అందామె, కంచం ముందుకి తోసి.

అయినా నమ్మలేదు. పట్టుకోవాలనుకున్నాడు.

ఓ లాయరు గారు ఎక్కడినుంచో తెప్పించుకున్న కోటు గుడ్డ అప్పుడు బల్ల మీదుంది. అలాంటిది మళ్ళీ దొరకదు. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని కోటంతా గీశాడు. భుజం దగ్గర మాత్రం కావాలనే ఒక్కో పక్క అంగుళం తగ్గించాడు. రాత్రికి ఎవరైనా సరిచేస్తే దొంగ దొరికినట్టే. పొద్దున తనే కత్తిరిస్తాడు కాబట్టి గుడ్డకొచ్చిన నష్టం లేదు. లెక్క అంత బాగా కుదిరిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి కాళ్ళు మొరాయించాయి. గడప దగ్గర పాదాలు నేలకి అంటుకుపోయినట్టయి, మాత్ర పనిచేసేదాకా కదల్లేకపోయాడు. షాపు మెట్లెక్కేసరికి గంట ఆలస్యం. లోపల ఓనరు గొంతు ఖంగుమంటోంది.

"లాయరు గారు తొందరపెడుతున్నారని కత్తెర నీ చేతికిస్తే, గుడ్డని నాశనం చేస్తావా? మాస్టర్ గీత మీదే కదా కత్తిరించమన్నాను!"

"గీత సరిగ్గానే ఉందండీ. నేనే లోపలికి కోశాను" అంది కాలరమ్మ, తలొంచుకుని.

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

మాస్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కత్తెర గీత మీద వెంట్రుకవాసి తప్పకుండా నడిచింది. అది ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు. ఇప్పుడు నోరు మెదపకపోతే తన పని తనకుంటుంది, ఆ అనుమానపు పీడా వదిలిపోతుంది. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చినందుకు తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

"గీత తప్పు" అన్నాడు లోపలికొచ్చి. "కావాలనే తప్పు గీశాను. రోజూ ఎవరు దిద్దుతున్నారో పట్టుకుందామని." కుడిచేతిని బల్ల మీద పెట్టాడు. మాత్ర వేసుకున్నా ఆ కంగారులో అది అందరి ముందూ వణికింది. జబ్బు పేరు, మాత్రల వేళలు, అన్నీ చెప్పేశాడు.

మిషన్లు ఆగిపోయాయి. ఓనరు పాడైన గుడ్డని మడిచి ఆయన చేతికిచ్చాడు. "లాయరు గారి దగ్గరికి నువ్వే వెళ్ళి చెప్పుకో. వచ్చాక పని సంగతి చూద్దాం" అన్నాడు.

కాలరమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసింది. "నీ గీత చూస్తే నాకు తెలియదా అన్నా? నీ పని పోకూడదని రెండు నెలలుగా గంట ముందొచ్చి దిద్దుతున్నాను. నిన్న గీత ఎంత బాగుందో. చెయ్యి నయమైందనుకున్నాను. ఆ సంతోషంలో టేపు కూడా పెట్టి చూడలేదు."

ఆయన గుడ్డ చంకన పెట్టుకుని లాయరు గారింటికి బయల్దేరాడు.

గుడ్డ ఖరీదు జీతంలోంచి పోయింది గానీ, పని పోలేదు. పదింటికి మాత్ర వేసుకుని, పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎత్తు స్టూలు మీద కూర్చుని గీస్తాడు. కత్తెర కాలరమ్మది. ప్రతి గీతా టేపు పెట్టి చూసిగానీ కొయ్యదు. ఇంట్లో భార్య తన అమ్మకి ఫోన్ చేసి అన్నీ చెప్పుకుంది. షాపులో ఎవరూ గుసగుసలాడరు. దాచడానికి ఏమీ లేక మాస్టర్‌కి ప్రాణం తెరిపిన పడింది.

కాలరమ్మ కూడా మర్యాదగానే ఉంటుంది. "మాస్టర్ గారూ, ఈ భుజం కొలత మరోసారి చూస్తారా?" అని అడుగుతుంది. అన్నా అని మాత్రం మళ్ళీ ఇంతవరకూ పిలవలేదు.