తల దించండి

మా మామయ్యకి ఉన్న రోగం ఒక్కటే. గోల్ఫ్ కర్ర ఎత్తాడంటే చాలు, "తల దించండి!" అని కొండ దద్దరిల్లేలా అరుస్తాడు. ఎదురుగా మనిషి ఉన్నా అరుస్తాడు, లేకపోయినా అరుస్తాడు. బంతి గుంటకి జానెడు దూరంలో ఉండి, పిల్లి కూడా మూతితో నెట్టేయగలిగినప్పుడైనా సరే, అరవందే కొట్టడు.

ఆయనది సెలూన్. ఊరి మొత్తానికి అదొక్కటే. పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఆయన మనుషులతో ఎక్కువసార్లు అనేది ఆ ఒక్క మాటే. అది ఆయన నాలుకకి అంటుకుపోయింది, ఊరివాళ్ళ మెడలకి అలవాటైపోయింది. ఆ గొంతు వినపడితే డాక్టరైనా, పోలీసైనా, ఎవరి మాటా వినని మొండిఘటమైనా గడ్డం గుండెకి ఆనించి కళ్ళు మూసుకోవాల్సిందే. నేను ఆయన మేనల్లుణ్ణి. ఆయన కర్రల సంచి మోస్తూ పక్కనే నడుస్తాను కాబట్టి, అందరికంటే ముందు దిగే తల నాది.

మా అత్తయ్య బాధ వేరు. "అందరూ మీ అరుపుకి తల దించుకుంటారు. నేను మీ పేరు చెబితేనే తల దించుకుంటున్నాను" అంటుంది.

గోల్ఫ్ అనగానే తెల్ల టోపీలూ చల్లటి పానీయాలూ అనుకునేరు. మా మైదానం ఆ బాపతు కాదు. ఆ కొండవాలు ఇళ్ళకీ పనికిరాదు, పంటకీ పనికిరాదు అని తేల్చుకున్నాక మునిసిపాలిటీ వాళ్ళు అక్కడ తొమ్మిది గుంటలు తవ్వి జెండాలు పాతారు. ఒక క్షవరం ఖరీదుకి సాయంత్రం దాకా ఆడుకోవచ్చు. కర్రలు అద్దెకిస్తారు. సగం కర్రల పిడులకి సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది. పైకి కొట్టిన బంతి కాసేపు ఆలోచించి మళ్ళీ మన కాళ్ళ దగ్గరికే దొర్లుకుంటూ వస్తుంది. కిందికి కొట్టిన బంతి ఇక తిరిగి రాదు. మందుల షాపాయన, బస్సు కండక్టరు, మెకానిక్కు, అందరూ సెలవు రోజు అక్కడే ఉంటారు.

కొత్తగా వచ్చిన మేనేజరు మాత్రం ఏదో పెద్ద క్లబ్బులో పనిచేసి వచ్చాడు. ఆయన చొక్కాకి ఊడిన గుండీ ఉండదు, మొహాన మచ్చుకైనా నవ్వుండదు.

"బంతి మనుషుల మీదికి పోతుంటే 'ఫోర్' అని అరవాలండీ. ప్రపంచమంతా అదే పద్ధతి" అని మామయ్యకి బోధించాడు.

మామయ్య పాపం ప్రయత్నించాడు. "ఫోర్!" అని అరిచాడు. అవతల జెండా దగ్గరున్న కండక్టరు క్రికెట్ అనుకుని చప్పట్లు కొట్టి, "ఎవరు కొట్టారు? స్కోరెంత?" అంటూ తల పైకెత్తాడు. బంతి వచ్చి సరిగ్గా నుదుట దిగింది. బొప్పి మీద ఐసు పెట్టుకుంటూ కండక్టరే అన్నాడు, "నాయనా, నువ్వు నీ మాటే అరువు. అదైతే నా నుదురు బతికేది."

అరుపంటే సరే, అరిచిన వెంటనే కొట్టి చావడు. అరుపుకీ దెబ్బకీ మధ్య ఒక తల దువ్వేంత సేపు పడుతుంది. అందరం మెడలు వంచి నిలబడి ఉంటాం. అప్పుడు నెమ్మదిగా, "మందుల షాపాయనా, మెడ మీద అడవి పెరిగింది, రేపు రండి" అని వినపడుతుంది. ఈయన ఆట ఆడుతున్నాడా, బేరాలు వెతుక్కుంటున్నాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇంతా చేసి కొట్టిన బంతి ఎక్కడికి పోతుందంటే, లెక్కల మాస్టారి బంతి ఉన్న చోటికి. మాస్టారు రిటైరై చాలా కాలమైంది. మామయ్యకి చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది ఆయనే. మామయ్య వేళ్ళ మీద లెక్కపెట్టడం చూస్తే ఎంత బాగా నేర్పారో తెలుస్తుంది. ఇద్దరూ ఎప్పుడూ జోడీగా ఆడతారు. మాస్టారి బంతి ముళ్ళపొదలో పడితే మామయ్య బంతీ ఆ పొదలోనే. మాస్టారిది బురదలో దిగితే మామయ్యదీ బురదలోనే. "గురువుకి తగ్గ శిష్యుడు" అని కండక్టరు ఎగతాళి చేసేవాడు.

మాస్టారికి చూపు బాగా మందగించింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. వారమంతా గోడకి లెక్కలు చెప్పుకుని, సెలవు రోజు కోసం ఎదురుచూసే మనిషి. అయినా పట్టుదల మాత్రం తగ్గలేదు. ఏటా జరిగే పోటీ దగ్గర పడుతుండగా ఒకరోజు బల్ల మీద కూర్చుని తేల్చేశారు.

"ఒరేయ్, ఈసారి ఆ ముళ్ళపొదల గుంట దగ్గర చిక్కుకున్నానంటే కర్రలు ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇంట్లోనే కూర్చుంటాను. కనపడనివాడు ఆడితే ఆటకే అవమానం."

"అలాగే మాస్టారూ" అన్నాడు మామయ్య. ఒక్క ముక్క ఓదార్పు లేదు. ఈయనకి గుండె ఉందా, దాని చోట కూడా కత్తెరే ఉందా అనుకున్నాను.

అదే వారం మేనేజరు మామయ్యని గదిలోకి పిలిచాడు. "పోటీ రోజు మీ నోట ఒక్క అరుపు వచ్చినా మీ ప్రవేశ కార్డు రద్దు. మళ్ళీ ఈ గేటు లోపల అడుగు పెట్టనివ్వను."

"అరవను సార్" అన్నాడు మామయ్య. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తయ్య మేనేజరుకి నిండు నూరేళ్ళూ ఇమ్మని దేవుణ్ణి కోరుకుంది.

పోటీ రోజు పొద్దున్న నేను మెడ కాస్త పట్టేసిందన్నాను. అదే నేను చేసిన తప్పు. "దానికేముందిరా అల్లుడూ, రా" అని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, సెలూన్లో అందరికీ చేసినట్టే ఒక్క తిప్పు తిప్పాడు. కటుక్కుమంది. అంతకుముందు కాస్త పట్టేసిన మెడ ఆ తర్వాత పూర్తిగా కొయ్యబారిపోయింది. అటు తిరగదు, ఇటు తిరగదు, కిందికి అసలే వంగదు. జెండా కర్రలా నిలబడి సంచి మోశాను.

మామయ్య బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుని మాట మీద నిలబడ్డాడు. గుంట తర్వాత గుంట దాటాం. అరుపు లేదు. కొండ మీద పిట్టలు కూతపెట్టడం మొదటిసారి విన్నాం. కండక్టరు మాటిమాటికీ వెనక్కి తిరిగి, "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. మేనేజరు మా వెనకే చేతులు కట్టుకుని నడుస్తున్నాడు.

ముళ్ళపొదల గుంట వచ్చింది. మాస్టారు కళ్ళు చికిలించి, జెండా ఎటుందో నన్నడిగి కొట్టారు. బంతి వాలు మీద పడి, తిన్నగా పొదలోకి దూరింది. మామయ్య కొట్టాడు. అది కూడా వెళ్ళి దాని పక్కనే కూర్చుంది.

"ఎక్కడ పడిందిరా?" అన్నారు మాస్టారు.

నేను సంచి భుజం మార్చుకున్నాను. ఆయన మొహం చూస్తే ఆయనకి తెలిసిపోయినట్టే ఉంది. పొద దగ్గరికి వచ్చి, కర్ర భుజాన వేసుకున్నారు, ఇక చాలన్నట్టు. మామయ్య పొద వైపు చూశాడు. మేనేజరు వైపు చూశాడు. పిప్పరమెంటు ఉమ్మేశాడు. కర్ర ఎత్తాడు.

"తల దించండి!"

ఆ అరుపు కొండ అవతల రోడ్డు మీద కూడా వినపడి ఉంటుంది. అందరి తలలూ దిగాయి. మాస్టారి తల దిగింది. మేనేజరు కూడా నెల నెలా ఆ కుర్చీలో కూర్చునేవాడే, ఆయన తలా ఆలోచించకుండానే దిగింది. దిగనిది నా తల ఒక్కటే, అది నా చేతిలో లేదు.

అందుకని చూశాను. మామయ్య ఎడమకాలు పొదలోకి వెళ్ళింది. సెలూన్లో నేల మీది వెంట్రుకలు పక్కకి తోసినంత తేలిగ్గా బూటు కొనతో మాస్టారి బంతిని తోసి, పచ్చిక మీద శుభ్రంగా కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళూ మెడలు వంచి నిలబడ్డప్పుడల్లా జరిగింది ఇదన్నమాట. గురుశిష్యుల బంతులు ఎప్పుడూ ఒకే చోట పడడం ఎందుకో అప్పుడు బుర్రకెక్కింది.

కానీ ఈసారి బూటు లేసు ముళ్ళకి చిక్కుకుంది. మామయ్య ఒంటికాలి మీద ఊగుతున్నాడు. ఇంకో కాలు పొదలో ఉంది. లాగితే రాదు. మేనేజరు తల మెల్లగా లేస్తోంది.

నాకేమైందో నాకే తెలియదు.

"తల దించండి!" అని నేను అరిచాను.

గొంతు మధ్యలో కీచుమంది. అయినా సగం లేచిన తలలన్నీ మళ్ళీ కిందికి పోయాయి. మామయ్య లేసు తెంపుకుని బయటపడి, గాలిలో కర్ర తిప్పి ఏదో కొట్టాననిపించాడు. తలలు లేచాయి.

మాస్టారు పొద దగ్గర కర్రతో తడుముకుంటూ వచ్చి ఆగిపోయారు. "ఇదుగోరా, ఇక్కడుంది! పచ్చిక మీదే ఉంది. పొదలో పడిందనుకున్నాను. పర్లేదు, ఇంకా ఆడొచ్చు." ఆ మొహంలో వెలుగు చూస్తే నా కళ్ళు చెమర్చాయి. మెడ నొప్పి వల్ల అని సర్దుకున్నాను.

మేనేజరు చెయ్యి చాపాడు. "కార్డు ఇవ్వండి."

మామయ్య జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

ఇంటికి వస్తూ అడిగాను, "మాస్టారికి చెప్పే సాయం చెయ్యొచ్చుగా మామయ్యా?"

"చెబితే ఆయన తీసుకుంటారా? నేను పరీక్షలో పక్కవాడి పలకలోకి తొంగి చూస్తుంటే, ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. చూడనట్టు ఉండడం కూడా ఆయన నేర్పిందే. ఎక్కాలు రాలేదు గానీ అదొక్కటీ వచ్చింది."

కొండకి ఇక దారి మూసుకుపోయిందనుకున్నాను. కానీ ఊళ్ళో సెలూన్ ఒక్కటే, మేనేజరు జుట్టేమో పెరిగే రకం. నెల తిరక్కుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మామయ్య తెల్లగుడ్డ కప్పి, చాలా మెత్తగా, "తల దించండి" అన్నాడు. దించాడు. మెడ వెనక కత్తి ఆనింది.

"సార్, మాస్టారు జోడీ లేక ఒంటరిగా ఆడుతున్నారు."

కత్తి మెడ మీద నెమ్మదిగా కిందికి జారింది.

"ఆడుకోండి" అన్నాడు మేనేజరు, తల దించుకునే. "కానీ మీరు అరవకూడదు."

"నేనెందుకు అరుస్తాను సార్. మా అల్లుడున్నాడుగా" అన్నాడు మామయ్య.

ఆ పని ఇప్పుడు నాది. గొంతు ఇంకా కీచుమంటూనే ఉంది, కొండ మాత్రం తల దించుతుంది. అత్తయ్య మా ఇద్దరి పేర్లు చెప్పి దించుకుంటోంది.