సగం మొక్కు

జాకెట్ పీసు చూస్తే, మనుమరాలి పెండ్లి గూడ చూసి పోయిన మా అత్తమ్మే యాదికొస్తది. మొక్కు బాకీ పెట్టుడు ఆమెకు రాదు.

రొమ్ముల గడ్డకు సూది పరీక్ష అయిననాడు, క్యాన్సర్ కాకుంటే ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు చీర, జాకెట్ పీసు పెడ్తనని మొక్కింది.

"సూదికొచ్చిన ముక్కల క్యాన్సర్ లేదు. కణాలు మాత్రం తేడాగున్నయి. గడ్డంతా తీసి చూస్తేనే ఖాయం" అన్నది డాక్టరమ్మ.

అత్తమ్మ చీర పెట్టొచ్చింది, జాకెట్ పీసు బీరువాల దాచింది. "సగం మాటకు సగం మొక్కే బిడ్డా" అన్నది.

గడ్డ తీస్తే లోపల క్యాన్సర్ బయటపడ్డది, ఇంకా గింజంతనే. కుట్లు మానంగనే ఆమె జాకెట్ పీసు సంచిల పెట్టుకున్నది.

"క్యాన్సరొస్తే ఇగ మొక్కేంది అత్తమ్మా?" అన్న.

"సూదికి చిక్కనిదాన్ని భవానమ్మ పట్టిచ్చింది. ఇగ ఇది నా బీరువాల ఎట్లుంచుకుంట?"