తెల్లగుడ్డ మీది మరక

నా చిన్నప్పుడు మా ఊళ్లో కూరకి గుల్లలు ఏరుకునే ఆడవాళ్లెవరూ మా అమ్మమ్మ మోచెయ్యి ముంచేదాకా నీళ్లలోకి దిగేవారు కాదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు, ముందు మోచేత్తో నీళ్ల వేడి చూసేది. తర్వాత తెల్లగుడ్డను మూడుసార్లు ముంచి పిండి, ఇసక మీద పరిచేది. చలికాలంలో గుడ్డకి లేత పచ్చదనం అంటితే దిగమనేది. ఎండలు ముదిరి, గాలి ఆగి, నీళ్లు వేడెక్కిన రోజుల్లో టీ ఒలికినట్టు మరక పడితే మాత్రం అందరూ ఖాళీ గంపలతో ఇంటికి రావలసిందే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అలాంటి ఎండల్లోనే, మా అమ్మ కడుపుతో ఉంది. తిన్నదేదీ ఇమిడేది కాదు. గుల్లల కూర మీదికే మనసు పోయేది. అమ్మమ్మ పక్కూళ్లో బాలింతని చూడ్డానికి వెళ్లిన పూట, నేనే పెద్ద ఆరిందాలా గంప పట్టుకుని మొగకి పోయాను. మోచెయ్యి పెడితే నీళ్లు గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి. గుడ్డ మర్చిపోయాను కనక పరికిణీ అంచే మూడుసార్లు ముంచి పిండాను. మరక కనబడలేదు. ఎంత మురిసిపోయానో!

మధ్యాహ్నం అమ్మమ్మ వచ్చేసరికి, నేను ఏరుకొచ్చిన గుల్లల కూరతో అమ్మ నాలుగు ముద్దలు తినేసింది. అమ్మమ్మ కూర కుండ చూసి నావైపు తిరిగింది.

"గుడ్డ ముంచినావేటే?"

"ముంచినాను. మరక నేదు."

"ఏ గుడ్డే?"

పరికిణీ చూపించాను. అది వక్క రంగుది.

అమ్మమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. అంతలోనే అమ్మ, పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంది. మావయ్య బండి కట్టాడు. ఆసుపత్రికి వెళ్లే దారంతా అమ్మమ్మ "మాటాడే, మాటాడతా ఉండు" అని అమ్మని కుదుపుతూనే ఉంది. నేను అమ్మ పాదాలు పట్టుకుని కూర్చున్నాను. అమ్మా, లోపలి బిడ్డా నా మూలంగానే పోతారనుకున్నాను. పొద్దు వాలేసరికి తిమ్మిరి తగ్గింది. ఆ బిడ్డే మా చెల్లి.

అమ్మమ్మ నన్ను కొట్టలేదు. మర్నాడు మొగకి తీసుకెళ్లి తెల్లగుడ్డ ముంచి చూపించింది. టీ రంగు మరక. "మూడుసార్లు ముంచితే సాల్తాదేటే? మరక కనబడే గుడ్డ ముంచాల" అంది.

ఇప్పుడు మా చెల్లి మనవరాలు ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది. సీసాల్లో సముద్రపు నీళ్లు పడుతుంది, వేడి కొలిచి రాసుకుంటుంది. ఆ మరక కంటికి ఆనని నీటి మొక్కలదట, కాలాన్ని బట్టి, వేడిని బట్టి వాటి రకాలు మారతాయట, కొన్ని రకాలు తిన్న గుల్లలు విషమవుతాయట. గుడ్డ తెల్లగా వచ్చినా నమ్మొద్దని నన్ను హెచ్చరిస్తుంది కూడా. మొన్న చలికాలంలో, లేతపచ్చ రావలసిన నెలలో, నా గుడ్డకి టీ రంగు అంటింది. నీళ్లూ గోరువెచ్చగానే ఉన్నాయి. ఆ పిల్లకి చూపిస్తే తారీఖు వేసి రాసుకుంది. నాకు మళ్లీ ఆ బండిలో కూర్చున్నట్టే భయమేసింది.

ఏ విషయంలోనైనా అంతా బాగానే ఉందని నా మనసు చెప్పినప్పుడల్లా, నేను ముంచింది ఏ రంగు గుడ్డో ఒకసారి చూసుకుంటాను.