అమ్మ పెట్టుకున్న అర్జీ

మొన్న తిరుపతిలో కళ్లద్దాల షాపు అమ్మాయి కొత్త అద్దాల మీద ఏదో మందు చల్లి, మెత్తటి గుడ్డతో తుడిచి, నా చేతికిస్తూ "పవర్ పెరిగింది మేడమ్" అంది. స్పిరిట్‌లాంటి ఆ ఘాటు వాసనకు నా మొదటి అద్దాలు గుర్తొచ్చాయి. అప్పుడు నాకు పదేళ్లు. నాయన టౌనుకు తీసుకుపోయి కొనిచ్చాడు. అప్పటికే పవర్ అనే మాట మా ఊళ్లో అందరి నోళ్లలో ఉండేది. కాణిపాకం వినాయకుడు పవరున్న దేవుడని అవ్వ చేతులు జోడించేది, జ్వరం తగ్గకపోతే మందులషాపులో పవరెక్కువ మాత్ర అడిగి తెచ్చేవాళ్లు, ఎన్నికలప్పుడు రచ్చకట్ట మీద ఈసారి ఎవరు పవర్లోకి వస్తారా అని గంటలకొద్దీ తర్కించేవాళ్లు, ఎండాకాలం పైర్ల వాళ్లు పవర్ ఎప్పుడొస్తుందా అని మోటారు షెడ్ల దగ్గర తుండు పరుచుకొని పడుకునేవాళ్లు. నాయన మాత్రం ఆ మాట వాడేవాడు కాదు. కరెంటును కరెంటనేవాడు, అధికారాన్ని అధికారమనేవాడు. ఆ రెండోది ఒకప్పుడు మా ఇంట్లో ఉండి, తరువాత పోయిందని మాకు చెప్పేవాడు.

మాది కార్వేటినగరం పక్క పల్లె. మా ముత్తాత సంస్థానంలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. తొంభైల నాటికి మాకు మిగిలినవి కారే మిద్దె, రెండు గచ్చు అరుగులు, ఒక చెక్కపెట్టె నిండా ఆయనకు జనం పెట్టుకున్న అర్జీలు. ఎండాకాలం సెలవుల్లో, అవ్వ వేయించిన శనక్కాయలు రోట్లో వేసి ఊరిబిండి నూరుతూ ఉంటే, ఆ కమ్మటి వాసన మధ్య నాయన ఆ కాగితాలు విప్పి నాచేత చదివించేవాడు. ఎవరిదో ఎద్దు తప్పిపోయింది, ఎవరికో కాలవ నీళ్ల వంతు రాలేదు, ఎవరో కూతురి పెళ్లి పందిరికి అడవిలో రెండు దూలాలు కొట్టుకుంటామని అడిగారు. ప్రతి అర్జీ కింద "తమ పాదదాసుడు" అనో, "తమ విధేయుడు" అనో ఉండేది. అక్కడికి వచ్చేసరికి నాయన అరచెయ్యి అడ్డం పెట్టేవాడు.

"కిందది సదవొద్దమ్మా. ఎంత కష్టంలో ఉండి రాసినాడో పాపం. ఆ ముక్క ఏ మనిషి చేతా రాయించకూడదు."

మామిడితోపు మాత్రం అమ్మది. పెళ్లిలో పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నాలుగెకరాల చేను. అప్పటికి రెండేళ్ల కిందట అందులో తనే దగ్గరుండి బెంగుళూరా మామిడి మొక్కలు నాటించింది. బావిలో నీళ్లున్నాయి, వాటిని పైకి తోడే ఆయిలింజను మాత్రం ఆ ఏడు ఉగాదికి ముందే పూర్తిగా మూలపడింది. చుట్టుపక్కల బావులన్నిటికీ అప్పటికే కరెంటు మోటార్లు వచ్చేశాయి. నాయన రోజూ పొద్దు పొడిచే వేళకు కావడి భుజానేసుకొని బావిలోంచి నీళ్లు తెచ్చి మొక్కలకు పోసేవాడు. దారిన పోయేవాళ్లు చూస్తారని ఆయన ఏనాడూ సంకోచపడలేదు. ఎంత మోసినా చేను పైభాగం వరసల దాకా నీళ్లు చాలేవి కావు.

అద్దాలు కొన్న రోజే నన్ను వెంటబెట్టుకొని కరెంటాఫీసుకు వెళ్లాడు. తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "మా తోపులోని బావికి కరెంటు ఇవ్వవలసినది" అని రాసి, కింద తన పేరు, ఊరు పెట్టాడు. అంతే. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, పక్క బల్ల మనిషికి చూపించి నవ్వాడు.

"ఏమప్పా, ఇది అర్జీనా, హుకుమా?"

"అడగాల్సింది అడిగినా గదా."

"కింద తమ విధేయుడు అని ఒక ముక్క గీకప్పా. మా సారు సూసేది అదే."

"మీ సారుకు నేనెందుకు విధేయుణ్ణి? కట్టాల్సింది కడతా, కరెంటు ఇయ్యండి."

"అట్లనా? అయితే మీ తాతల నాటి దివిటీలు ముట్టించుకో పో."

ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని బయటికి నడిచాడు. ఆయన వెనక్కి తిరిగి చూడనందుకు నాకు గర్వంగా అనిపించింది. బస్సు దిగి తోపు మీదుగా ఇంటికి నడుస్తుంటే, అద్దాల్లోంచి మొదటిసారి ప్రతి ఆకూ విడివిడిగా కనిపించింది. అంతకుముందు ఆ తోపు నాకు దూరం నుంచి ఒక పచ్చటి మసక. ఇప్పుడు పై వరసల్లో ఆకుల అంచులు మాడి, కొసలు ముడుచుకొని ఉండటం తెలిసింది. ఇంటికొచ్చి మొక్కలు మాడుతున్నాయని అమ్మకు చెప్పాను. అమ్మకు ముందే తెలుసు.

తరువాత రెండు వారాలు ఇంట్లో కరెంటు మాట ఎవరూ ఎత్తలేదు. పై వరసల్లో మొక్కలు ఒకటొకటిగా ఎండిపోసాగాయి. ఒక రోజు నాయన కార్వేటినగరం సంతకు పోయినప్పుడు అమ్మ నా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ముందర పెట్టింది.

"రాయి. నీ రాత బాగుంటాది."

అమ్మ చెప్పినట్టే అంతా రాశాను, ఆమె పేరుతో. చివరికి "తమ విధేయురాలు" అని చెప్పింది. పెన్ను మూసేశాను.

"అది నేను రాయను."

"ఓహో, ముత్తాత మునిమనవరాలా! చెట్లు సచ్చేది సూస్తా కూసుంటావా?"

"నాయన ఒప్పుకోడు."

"ఇటు తే ఆ పెన్ను."

అమ్మ అయిదో తరగతిదాకా చదివింది. ఆ ఒక్క మాటను, అక్షరం తరువాత అక్షరం, పెన్ను గట్టిగా ఒత్తి తనే రాసింది. కాగితం అవతలివైపు వేలితో తడిమితే అక్షరాలు తగిలాయి. మర్నాడు ఎర్ర అంచు చీర కట్టుకొని ఒక్కతే బస్సెక్కి కరెంటాఫీసుకు వెళ్లింది.

ఊళ్లో గంగమ్మ జాతరకు అంబలి పోసే వారంలో కరెంటు స్తంభాలు పాతారు. మోటారు వేసిన రోజు నాయన తొట్టి దగ్గర నిలబడి అడిగాడు.

"ఎవురు పెట్టినారు అర్జీ?"

"తోపు నాది. అర్జీ నాది" అంది అమ్మ.

 నాయన పంచె ఎగగట్టి, పార తీసుకొని, పొద్దు వాలేదాకా చెట్టు చెట్టుకూ పాదులు చేసి నీళ్లు మళ్లించాడు. వానలు పడ్డాక అమ్మ పై మూడు వరసల్లో నాటడానికి కొత్త మొక్కలు తెప్పిస్తే మాత్రం అడ్డుపడ్డాడు.

"ఆడ నాటొద్దు. అవి నేను సంపినవి. అట్లనే ఉండనీ."

 అమ్మ ఆ మొక్కలు ఊళ్లో వాళ్లకు ఇచ్చేసింది. మిగతా చెట్లు పెరిగి కాపుకొచ్చి, జూన్ నెలలో కాయల లారీలు చిత్తూరుకు పోయేటప్పుడు తోపంతా సొన వాసన నిండేది. పైన మూడు వరసలు మాత్రం పళ్లూడిన నోరులాగా అక్కడక్కడా బోసిగా ఉండేవి. ఎందుకని అడిగినవాళ్లకు నాయన దాచకుండా చెప్పేవాడు. నేను రాయనన్న సంగతి మాత్రం అమ్మ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు కరెంటు కావాలంటే ఫోన్లో గడులు నింపితే చాలు, కింద ఎవరికీ విధేయులం కానక్కర్లేదు. ఇది మంచిదే. తోపు మీదుగా పెద్ద రోడ్డు పడింది, బావిని పూడ్చారు, చెట్లన్నీ కొట్టేశారు. పోయిన నెల అటు వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. చెట్లున్నన్నాళ్లూ పై వరసల్లోని ఆ ఖాళీలు ఎంత దూరం నుంచైనా కనిపించేవి. ఇప్పుడు అవి ఎక్కడుండేవో చూపించమంటే, నేనూ చూపించలేను.