పంటు మీద క్లచ్ సరిచేసిన చెయ్యి

కిందటేడు అమ్మను నరసాపురంలో పెళ్లికి తీసుకెళ్తూ సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కాను. ముందురోజే కారుకి కొత్త క్లచ్ వేయించాను; దారంతా గేరు గరగరమంటూనే పడింది. ఒడ్డు దగ్గరపడుతోందని ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి గేరు వేశాను. కారు ఒక్కసారిగా ముందుకు దూకింది! బ్రేకు తొక్కేసరికి చక్రాలు పంటు అంచుకు జానెడు దూరంలో ఆగాయి. ఎదురుగా గోదావరి. వెనక సీట్లో అమ్మ కెవ్వుమంది.

పక్కన సంచితో నిలబడ్డ ఒకావిడ కిటికీ దగ్గరికి వచ్చింది.

“ఇంజను ముట్టుకోకండి బాబూ. క్లచ్ కొత్తగా వేయించేరా?”

“ఆయ్, నిన్ననేనండి.”

“కేబుల్ వదులుగా వదిలేసేరండి. అందుకే ఎంత తొక్కినా క్లచ్ విడవట్లేదు. మా ఆయన షెడ్డులో పాతికేళ్లుగా నాది ఇదే పనండి.”

నా స్పానరు తీసుకుని, బానెట్ కింద కేబుల్ నట్టు బిగించింది. పెడల్ అరచేత్తో నొక్కి చూసి, మరి కాస్త తిప్పింది. ఈసారి ఇంజను స్టార్ట్ చేసి వేస్తే గేరు చప్పుడు లేకుండా పడింది, కారు కదల్లేదు.

అమ్మ దిగి, పట్టుచీర కొంగుతో ఆవిడ చేతి గ్రీజు తుడిచింది. “అయ్యో, చీర పాడవుద్దండీ!” అంటున్నా వినలేదు.

కాలేజీలో ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. పెడల్ ఎంత లోపలికి వెళ్లాలో అరచేత్తో తెలుసుకునే మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.